రేస్ బైకుల్లో ఎలక్ట్రానిక్స్ తీసేస్తే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

వైజాగ్_అపెక్స్

నిన్న రాత్రి మా తమ్ముడితో ఫోన్లో గంటసేపు ఇదే వాదన. తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. వాడు అనేది ఏంటంటే, మోటోజీపీని, అంటే ప్రపంచ బైకు రేసుల్లో అన్నిటికంటే పై సిరీస్‌ని, చెడగొట్టింది కంప్యూటర్లే, ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా ఆపే ఎలక్ట్రానిక్స్) పీకేస్తే పాత రోజులు వస్తాయి, చిన్న టీములూ గెలుస్తాయి, ఖర్చు సగానికి దిగుతుంది. 2003 నుంచి రేసు వదలకుండా చూస్తున్న నేనూ చాలాకాలం ఇదే అనుకున్నాను.

వాడి వైపు గట్టి సాక్ష్యమే ఉంది. 2006లో పోర్చుగల్‌లోని ఎస్టోరిల్ ట్రాకులో టోని ఎలియాస్ శాటిలైట్ హోండా మీద (అంటే కంపెనీ సొంత టీము కాదు, కంపెనీ బండ్లు తీసుకుని నడిపే చిన్న టీము) వచ్చి, అప్పటి చాంపియన్ వాలెంటినో రోసీని గీత దగ్గర సెకనులో వెయ్యింట రెండు వంతుల తేడాతో ఓడించాడు. ఆ సీజన్ చివర్లో టైటిల్ గెలిచిన నికీ హేడెన్ కంటే రోసీ వెనకబడింది సరిగ్గా 5 పాయింట్లే, ఆ రేసు గుర్తొస్తే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీ టీములో లేని రైడర్ మళ్లీ గెలవడానికి 2016లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో జాక్ మిల్లర్ దాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు పదేళ్లు! 800 సీసీ బైకులు వచ్చిందీ, ఎలక్ట్రానిక్స్ ముదిరిందీ ఆ పదేళ్లలోనే. అందరికీ ఒకే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పెట్టె)తో పాటు ఒకే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలన్న రూలు 2016లో వచ్చింది, ఆ ఏడాదే 9 మంది వేర్వేరు రైడర్లు గెలిచారు.

ఇంతవరకు తమ్ముడిదే రైటు. కానీ ఆ రూలు ఉండగానే, 2020లో జోన్ మిర్‌తో టైటిల్ కొట్టిన సుజుకి, 2026 దాకా ఒప్పందం ఉండి కూడా 2022 చివర్లో దుకాణం కట్టేసింది. ఆర్థిక పరిస్థితి అన్నారు, డబ్బు వేరే చోట పెట్టాలన్నారు. చివరి రేసు వాలెన్సియాలో అలెక్స్ రిన్స్ గెలిచి మరీ వెళ్లారు. సాఫ్ట్‌వేర్ ఖర్చు తగ్గించాక కూడా ఒక చాంపియన్ కంపెనీ భరించలేకపోయిందంటే ఆ డబ్బు ఎటు పోతున్నట్టు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతబండి_రావు

మీ తమ్ముడికి నా ఓటు. నేను షోళవరం చూసినవాణ్ణి. మద్రాసు దగ్గర పాత విమానాల రన్‌వే అది, రాజమండ్రి నుంచి రాత్రి రైలెక్కి వెళ్లేవాళ్లం. అక్కడ బండి తయారుచేసేవాడి చేతిలో ఉండేది ఆకురాయి, కార్బ్యురేటర్ జెట్ల డబ్బా, అంతే. ఇంజిన్‌లో గాలి, పొగ వెళ్లే పోర్టు ఎంత అరగదీయాలో, సైలెన్సర్ పొట్ట ఎక్కడ లావు చేయాలో వాడి చెవే చెప్పేది. తర్వాత నేను మా ఊళ్లో ఆర్‌ఎక్స్ 100లు అలాగే ఎన్నో చేశాను. డబ్బున్నవాడికీ లేనివాడికీ తేడా ఉండేది, కాదనను, కానీ మంచి మెకానిక్ ఉంటే ఆ తేడా పూడ్చుకునే వీలుండేది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ లేకపోతే బండి స్టార్టే కాదు. 500 సీసీ రెండు స్ట్రోకుల బండ్లని నడిపినవాళ్లు మణికట్టుతో నడిపారు. మిక్ డూహన్ 1992లో ఆసెన్‌లో కాలు దాదాపు పోగొట్టుకుని, తిరిగొచ్చి 1994 నుంచి 1998 దాకా వరసగా 5 టైటిళ్లు కొట్టాడు. ఆ మనిషి చేసిన పని ఇవాళ పెట్టె చేస్తోంది. పెట్టెకి చప్పట్లు కొట్టలేను నేను.

సెన్సార్_స్వాతి

రావు గారూ, నమస్తే. నా ఉద్యోగమే ఈ పెట్టెలతో. చెన్నైలో ఒక కంపెనీలో బైకుల ఈసీయూ క్యాలిబ్రేషన్ (అందులో అంకెలు సరిచూసి పెట్టడం) చేస్తాను, రోడ్డు బైకులవే, రేసువి కావు. మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ డూహన్ పేరు మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

డూహన్ నడిపిన 1992 హోండాలో నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకేసారి పేలేలా మార్చారు, బిగ్ బ్యాంగ్ అని పేరు. అదెందుకు? విడివిడిగా పేలితే వెనక టైరుకి ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఒక్కసారి గుద్ది తర్వాత కాస్త వదిలేస్తే టైరు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. అంటే టైరు జారకుండా కాపాడే పని కంప్యూటర్ రాకముందు ఇంజిన్ లోపలే జరిగింది, దానికీ హోండా బోలెడు డబ్బు పెట్టింది, తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. సమస్య ఎప్పుడూ ఒకటే: ఇంత శక్తిని అరచేయంత రబ్బరు మీద నుంచి రోడ్డుకి ఎలా దించాలి.

ఇప్పుడు పెట్టె ఏం చేస్తుందో చెప్తాను, చాలామంది అది రైడర్ బదులు బండి నడుపుతుందనుకుంటారు. ముందు చక్రం వేగం, వెనక చక్రం వేగం రెండూ సెన్సార్లు చెప్తాయి. బండి ఎంత వాలిందో ఇనర్షియల్ యూనిట్ చెప్తుంది. ఆ వాలుకి వెనక చక్రం ఎంతవరకు జారొచ్చో ముందే ఒక పట్టికలో రాసిపెడతాం. అది దాటితే ఈసీయూ ఇగ్నిషన్ వెనక్కి జరుపుతుంది, లేదా ఒక సిలిండర్‌కి మంట ఆపుతుంది, లేదా థ్రాటిల్ బటర్‌ఫ్లైని కొంచెం మూస్తుంది. ఆ పట్టికలో ఏ అంకె రాయాలి అన్నదే అసలు విద్య. దానికి మనుషులు కావాలి, ట్రాక్ మీద రోజులు కావాలి, పాత రేసుల డేటా కావాలి. 2014లో అందరికీ మాగ్నెటి మారెల్లి పెట్టె, 2016లో ఒకే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. పట్టికల్లో అంకెలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఖరీదైనది పెట్టె కాదు, దాన్ని చదవగలిగే మనిషి. ఆ మనుషులు ఎక్కువమంది ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే పైచేయి, అదే పెట్టెతో.

అప్పటికీ దొంగదారులు వెతికారేమోనన్న అనుమానం పోలేదు. ఆ ఇనర్షియల్ యూనిట్ ఎవరిది వాళ్లు పెట్టుకోవచ్చు కదా, అందులో తెలివి దాచి ఈసీయూని మోసం చేయొచ్చని. అందుకే 2019 నుంచి దాన్నీ అందరికీ ఒకటే చేశారు.

లెస్టర్_హరి

ఎలక్ట్రానిక్స్ లేకుండా పెద్ద సిరీస్ నడుస్తుందా అని అడిగేవాళ్లకి నేను రోజూ చూసే ఉదాహరణ చెప్తా. బ్రిటిష్ సూపర్‌బైక్‌లో 2012 నుంచి అందరికీ ఒకే మోటెక్ ఈసీయూ, ట్రాక్షన్ కంట్రోల్ లేదు, రేసు మొదలయ్యేటప్పుడు బండిని సర్దే లాంచ్ కంట్రోల్ లేదు, ముందు చక్రం లేవకుండా ఆపేదీ లేదు. 200 గుర్రాల పైన శక్తి ఉన్న బైకులు ఇవి. డానింగ్టన్ మా ఇంటి నుంచి అరగంట, ఏటా వెళ్తాను. క్యాడ్‌వెల్ పార్క్‌లో మౌంటెన్ అని ఒక మిట్ట ఉంది, అక్కడ రెండు చక్రాలూ గాల్లోకి లేస్తాయి, కంచె పక్కనే నిలబడి చూడొచ్చు. మలుపు దాటేటప్పుడు వెనక టైరు నల్లగీత గీస్తూ పక్కకి వెళ్తుంటే రైడర్ దాన్ని చేత్తో సర్దుకోవడం కళ్లారా కనిపిస్తుంది. టీవీలో మోటోజీపీ చూస్తే ఈ అనుభూతి రాదు, ఒట్టు.

ఖర్చు తగ్గిందా అంటే, సాఫ్ట్‌వేర్ కోసం టీములు ఒకరి మీద ఒకరు డబ్బు గుమ్మరించే పోటీ అయితే లేదు. కానీ నాకు నచ్చని నిజం ఒకటి ఉంది. ఇక్కడ గెలిచినవాడు ప్రపంచ స్థాయికి వెళ్లగానే పట్టికలు, మ్యాపులు, ఇంజిన్ బ్రేకింగ్ సెట్టింగులు అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. చిన్నప్పటి నుంచే డేటా చూస్తూ పెరిగిన స్పెయిన్ కుర్రాడు పక్కన ఉంటాడు. చేతి విద్య ఉన్నవాడికి చదువు లేకపోవడం లాంటిదన్నమాట.

పాతబండి_రావు

హరి గారూ, మీరు చెప్పిన ఆ నల్లగీతే నేను అడుగుతున్నది.

స్వాతమ్మా, బిగ్ బ్యాంగ్ సంగతి బాగా చెప్పావు, ఆ కోణంలో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ ఇంజిన్ పేలే క్రమం మార్చినా, గ్యాస్ ఎంత తిప్పాలో తేల్చుకున్నది డూహనే కదా. రైడర్ తప్పు చేసే హక్కు అతనికి ఉండాలి అంటాను నేను. తప్పు చేయడానికి వీల్లేనప్పుడు ఒప్పు చేసినవాడి గొప్పతనం ఎక్కడ కనిపిస్తుంది?

సెన్సార్_స్వాతి

తప్పు చేయడానికి ఇప్పటికీ చోటుంది రావు గారూ, కావాలంటే ప్రతి ఆదివారం ఎంతమంది పడుతున్నారో చూడండి. ఒక్క సంఘటన చెప్తాను. 2013, స్పెయిన్‌లోని అరగాన్ రేసు. మార్కెజ్ వెనక నుంచి వచ్చి, తనలాగే హోండా టీములో ఉన్న పెడ్రోసా బైకుని అలా తాకాడు, చూసేవాళ్లకి తాకినట్టే తెలియలేదు. కానీ ఆ తాకిడికి పెడ్రోసా వెనక చక్రం దగ్గరి సెన్సార్ వైరు తెగింది. వెనక చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో ఈసీయూకి తెలియలేదు, ట్రాక్షన్ కంట్రోల్ పనిచేయలేదు. పెడ్రోసా ఎప్పట్లాగే గ్యాస్ తిప్పాడు, బండి అతన్ని గాల్లోకి విసిరేసింది. మార్కెజ్‌కి ఒక పెనాల్టీ పాయింటు వేశారు, హోండాకి బండ్ల కంపెనీల పాయింట్ల లెక్కలో 25 పాయింట్లు కోశారు, సెన్సార్ వైరు అంత బయటికి పెట్టినందుకు.

ఈ సంఘటన మీ వాదనకీ పనికొస్తుంది, నా వాదనకీ. పెడ్రోసా అంతటివాడు కూడా పెట్టెని నమ్మి గ్యాస్ తిప్పుతున్నాడని మీరు అంటారు. అది లేకపోతే ఆ శక్తి మనిషిని ఏం చేస్తుందో చూడండి అని నేను అంటాను. 

ఇక ఖర్చు విషయంలో ఎవరూ మాట్లాడనిది పెట్రోలు. 2007లో 800 సీసీకి మారినప్పుడు ట్యాంకులో 21 లీటర్లే అన్నారు. 2014కి ఫ్యాక్టరీ బైకులకి అది 20 అయింది. రేసు మొత్తం అంత పెట్రోలుతో, అంత శక్తితో నడవాలంటే ఏ మలుపులో ఎన్ని చుక్కలు పొయ్యాలో లెక్క వేసే సాఫ్ట్‌వేర్ కావాలి. తక్కువ పెట్రోలు పోస్తే ఇంజిన్ గుంజుడుగా తిరుగుతుంది, దాన్ని నున్నగా చేయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్. చూడటానికి పొదుపు రూలు, చేసిందేమో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకి కొలువులు పెంచడం. 2016లో సాఫ్ట్‌వేర్ ఒకటే చేసినప్పుడు అందరికీ 22 లీటర్లు ఇచ్చారంటే, ఈ రెంటికీ ఉన్న లింకు వాళ్లకి బాగా తెలుసన్నమాట. 2010లో సీజన్ మొత్తానికి 6 ఇంజిన్లే అన్నదీ ఇలాంటిదే. ఇంజిన్లు తగ్గాయి, కానీ ఒక్కో ఇంజిన్ అంత దూరం చావకుండా పరిగెత్తాలంటే దాని వెనక పరిశోధన పెరిగింది.

వైజాగ్_అపెక్స్

ఇది చదివాక తమ్ముడికి లింకు పంపాను, ఇంకా జవాబు లేదు.

స్వాతి గారు చెప్పినదాన్ని పట్టుకుంటే నా ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. సాఫ్ట్‌వేర్ తలుపు మూశారు, డబ్బు గాలి వైపు తిరిగింది. గాలి ఒత్తిడితో బండిని నేలకి నొక్కే రెక్కలు డుకాటీ 2015లో పెట్టింది, 2017కి బయటికి పొడుచుకొచ్చే రెక్కలు వద్దన్నారు, వాటిని ఫెయిరింగ్ (బండి పైతొడుగు) లోపలికి మడిచి పెట్టారు. తర్వాత బండి వెనక, ముందు భాగాల్ని కిందికి దించే పరికరాలు వచ్చాయి. ముందువైపు వాటిని 2023లో ఆపారు, 2027 నుంచి అన్నీ బంద్, ఇంజిన్ 850 సీసీకి తగ్గుతుంది, రెక్కల సైజూ కోస్తున్నారు. విండ్ టన్నెల్లో గంటలు కొనుక్కోవడం చిన్న టీముకి ఎలా కుదురుతుంది?

మధ్యలో 2012లో సీఆర్‌టీ అని ఒక ప్రయత్నం జరిగింది, గుర్తుందా? రోడ్డు బైకు ఇంజిన్‌తో రేసుకి రండి, కావాలంటే మీ ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో సహా 20,000 యూరోలకి పెద్ద కంపెనీ కొనేసుకోవచ్చు అన్న రూలు. అంటే ఎవడూ అందులో అతిగా డబ్బు పెట్టడు అన్న లెక్క. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది, గ్రిడ్డు నిండింది కూడా. కానీ టీవీలో వాళ్లు కనిపించేది ముందున్నవాళ్లు ఒక రౌండు ఎక్కువ తిరిగి దాటిపోయేటప్పుడే. రెండేళ్లకే దాన్ని ఓపెన్ అని మార్చారు.

లెస్టర్_హరి

ఒకే ఇంజిన్ ఇస్తే ఏమవుతుందో చూడాలంటే మోటోజీపీకి కింది క్లాసు మోటో2 చూడండి. 2010 నుంచి హోండా 600, 2019 నుంచి ట్రయంఫ్ 765. ట్రయంఫ్ కంపెనీ ఉన్న హింక్లీ మాకు పక్కూరే. ఇంజిన్లు లాటరీ తీసి పంచుతారు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. రేసింగ్ బ్రహ్మాండం. అయినా చాలామంది రైడర్లు సీటు కోసం స్పాన్సర్ డబ్బు వెంట తెచ్చుకోవాల్సిందే. బండి చవక చేస్తే రైడర్‌కి జీతం వస్తుందనుకున్నాం, రాలేదు.

ప్రపంచ సూపర్‌బైక్‌లో ఇంకో చిత్రం. రేసుకి తెచ్చే రోడ్డు బైకు ధర 40,000 యూరోలు దాటకూడదని పరిమితి పెడితే డుకాటీ పానిగాలే వీ4 ఆర్‌ని 39,900కి అమ్మింది. గోడ ఎక్కడ కడితే అక్కడిదాకా వచ్చి ఆగుతారు.

ట్రాక్‌డే_కిరణ్

ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు రాయక తప్పట్లేదు. మీరంతా పై అంతస్తు గురించి మాట్లాడుతున్నారు, నేను మెట్ల కింద నుంచి చెప్తా.

మాది హైదరాబాద్. నేషనల్ చాంపియన్‌షిప్‌లో నోవిస్ క్లాసు, 165 సీసీ, రెండు సీజన్లు నడిపాను. పగలు సపోర్ట్ ఉద్యోగం, శుక్రవారం రాత్రి బస్సు, శనివారం తెల్లారేసరికి శ్రీపెరంబుదూర్ దగ్గర ట్రాక్. ఒక్కో రౌండుకి బండి అద్దె, టైర్లు, ఎంట్రీ ఫీజు, రూము, తిండి అన్నీ కలిపి నాకు 60 వేలు దాటేది. పడితే విరిగిన పార్టుల బిల్లు వేరే. రెండో సీజన్ సగంలో అమ్మ గాజులు కుదువ పెట్టాల్సి వచ్చేసరికి ఆపేశాను, ఇప్పుడు విడిపించాను, ఆ మాట అలా ఉంచండి.

నేను చెప్పాలనుకున్నది ఏంటంటే మా క్లాసులో బండ్లలో ఎలక్ట్రానిక్స్ దాదాపు లేవు. ట్రాక్షన్ కంట్రోల్ లేదు, మ్యాపులు లేవు, రావు గారు కోరుకునే రేసింగే. అయినా డబ్బున్నవాడే ముందుండేవాడు. ఎలాగంటే, నేను అద్దెకి బండి తీసుకున్న టీము దగ్గర జీపీఎస్ డేటా లాగర్ (ట్రాక్ మీద ఎక్కడ ఎంత వేగమో రాసిపెట్టే పరికరం) ఉండేది. ఎక్స్‌ట్రా కట్టినవాళ్లకే దాని స్క్రీన్ చూపించేవాళ్లు, కోచ్ పక్కన కూర్చుని చెప్పేవాడు. నాకు స్టాప్‌వాచ్ టైము చెప్పి పంపేవాళ్లు. ఒకరోజు వేరే టీము మెకానిక్ అన్న జాలిపడి తన దగ్గరున్న చిన్న లాగర్‌ని నా బండికి టేపు వేసి అంటించాడు. సాయంత్రం గ్రాఫు చూస్తే, నేను వేగంగా వెళ్తున్నాననుకున్న మలుపు దగ్గర అందరికంటే చాలా ముందే బ్రేకు పట్టేస్తున్నాను, వదలడమూ ఆలస్యమే. మర్నాడు ఆ ఒక్కటి మార్చుకుంటే ల్యాపు టైములో సెకను పైన తగ్గింది. సంవత్సరంన్నర నేను సస్పెన్షన్ బాగాలేదు, టైరు బాగాలేదు అనుకుంటూ తిరిగాను!

అందుకే స్వాతి గారు అన్నమాట నాకు గుండెల్లో దిగింది, ఖరీదైనది పెట్టె కాదు, చదివే మనిషి అని. నాకు అన్యాయం చేసింది ఎలక్ట్రానిక్స్ కాదు. ఆ స్క్రీన్ నాకు చూపించకపోవడం.

పాతబండి_రావు

కిరణ్, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు నాన్నా.

మా రోజుల్లోనూ ఇది ఉండేది. పోర్టు కొలతలు రాసుకున్న చిన్న పుస్తకం మా మేస్త్రీ ఎవరికీ చూపించేవాడు కాదు, నాకు కూడా మూడేళ్లు చూపించలేదు. ఆయన దగ్గర ఉన్నది పుస్తకం, మీ టీము దగ్గర ఉన్నది స్క్రీను. ట్రాక్షన్ కంట్రోల్ గురించి నా మాట మార్చుకోను, రేసు బండికి అది వద్దు. కానీ డేటా గురించి నేను అనుకున్నది వేరు, నువ్వు చెప్పింది వేరు.

తిరుపతి_నాన్న

అందరికీ నమస్కారం, ఇక్కడ కొత్త. మా అబ్బాయికి 13 ఏళ్లు. 2023 సెప్టెంబరులో బుద్ధ్ సర్క్యూట్‌లో భారత్ జీపీ జరిగినప్పుడు టీవీలో చూశాడు, బెజెక్కి గెలిచిన రేసు. అప్పటినుంచి ఇంట్లో ఇంకో మాట లేదు. మినీజీపీ (పిల్లల చిన్న బైకుల రేసులు) గురించి వాడే నెట్‌లో చదివి కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు. నాది చిన్న ఎలక్ట్రికల్ షాపు.

నా సందేహాలు రెండు. ఒకటి, మాలాంటివాళ్లకి ఇది అసలు అందేదేనా, లేక వాడి ఆశ ఇప్పుడే తుంచేయడం మంచిదా? రెండు, అదే ఏడాది ఆగస్టులో మద్రాస్ ట్రాక్‌లో 13 ఏళ్ల పిల్లాడు రేసులో చనిపోయిన వార్త. మా ఆవిడ ఆ పేపరు కటింగ్ దాచిపెట్టింది, నేను మాట ఎత్తగానే తీసి చూపిస్తుంది. ఆమెకి ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు.

లెస్టర్_హరి

సార్, దయచేసి ఒకటి ముందుగా అర్థం చేసుకోండి. పై స్థాయి ఇప్పుడు పూర్తిగా వృత్తి. స్పెయిన్, ఇటలీ పిల్లలు 6, 7 ఏళ్లకే మినీ బైకుల మీద ఉంటారు. రోసీ ఇటలీలోని తవులియాలో సొంత మట్టి ట్రాకు కట్టి తన అకాడమీ కుర్రాళ్లతో ఏళ్ల తరబడి సాధన చేయించాడు, బన్యాయా, బెజెక్కి అక్కడివాళ్లే. జిమ్ము, డైటీషియన్, భాషల ట్యూషను అన్నీ అందులో భాగం. పాత రోజుల్లో వ్యాన్‌లో పడుకుని సొంతంగా స్పానర్ పట్టుకుని ప్రపంచ చాంపియన్‌షిప్ తిరిగినవాళ్లు ఉండేవాళ్లు, ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. నాకు బాధే, కానీ నిజం దాచలేను.

ట్రాక్‌డే_కిరణ్

హరి అన్నా, నువ్వు చెప్పింది కరెక్టే కానీ దాంతో ఆపేస్తే ఎలా? మనవైపు నుంచి ఒక బండి ప్రపంచ స్థాయిలో గెలిచింది. మహీంద్రా 2011లో 125 క్లాసులో మొదలుపెట్టింది, 2013లో సెపాంగ్‌లో మిగెల్ ఒలివేరాతో మొదటి పోడియం, 2016 ఆసెన్‌లో మోటో3 (మోటో2 కంటే కింది క్లాసు) గెలుపు. గెలిపించింది ఎవరో కాదు, బన్యాయా. అపెక్స్ అన్న పైన రాసిన మిల్లర్ గెలుపు కూడా అదే రోజు, అదే ట్రాకు! మహీంద్రా మీద మొదటిసారి గెలిచిన కుర్రాడు 2022, 2023 మోటోజీపీ చాంపియన్ అయ్యాడు. కానీ మహీంద్రా 2017 చివర్లో తప్పుకుంది. ఆ బండి మీద మన పిల్లవాడు ఒక్కడైనా పెరిగి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటా.

నాన్నగారూ, మీ మొదటి ప్రశ్నకి. ప్రైవేటుగా నాలాగా వెళ్లకండి, ఇల్లు మునుగుతుంది. కంపెనీలు నడిపే వన్‌మేక్ సిరీస్‌ల సెలెక్షన్లకి పంపండి. టీవీఎస్ 1994 నుంచి నడుపుతోంది, అందరికీ ఒకే బండి, బండి వాళ్లదే. వయసు, క్లాసు చూసి ఏటా ఎక్కడెక్కడ సెలెక్షన్ ఉందో కనుక్కోవాలి. ఇంకా ప్రపంచ చాంపియన్‌షిప్‌కి 2023 నుంచి కనీస వయసు 18 చేశారు, కాబట్టి ఇప్పుడే ఆలస్యమైపోయిందని భయపడకండి, టైము ఉంది. చదువు మాత్రం ఆపించొద్దు, ఈ మాట చెప్పే అర్హత నాకు ఉంది.

రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్పలేను. ఆ రోజు ట్రాక్ మీద ఉన్నవాళ్లు నాకు తెలుసు, దాని గురించి ఇక్కడ రాయలేను.

సెన్సార్_స్వాతి

రెండోదానికి నాకు చేతనైనంత చెప్తాను. భయం పోగొట్టడానికి కాదు, మేడం గారి భయం సరైనదే. వెళ్లే ముందు చూడాల్సినవి చెప్తాను.

ఏ సిరీస్ అయినా నిర్వాహకులని మూడు అడగండి. ఒక్కో మలుపు దగ్గర మార్షల్స్ (జెండాలు ఊపి, పడ్డవాళ్లని పక్కకి తెచ్చేవాళ్లు) ఎంతమంది, అంబులెన్సు, డాక్టర్ ట్రాక్ మీదే ఉంటారా లేక పిలిస్తే వస్తారా, పిల్లల రేసులో ఒకేసారి ఎన్ని బండ్లు వదులుతారు. సూటిగా జవాబు రాకపోతే తిరిగొచ్చేయండి. పడితే దెబ్బ తగలడం ఒకటి, పడ్డవాడి మీద వెనక బండి ఎక్కడం ఇంకొకటి. రెండోదానికి ఏ సూటూ అడ్డుపడదు, కాబట్టి బండ్ల సంఖ్య తప్పకుండా అడగండి.

మొదటిదానికి మాత్రం ఎలక్ట్రానిక్స్ నిజంగా పనికొస్తుంది. మోటోజీపీలో 2018 నుంచి ఎయిర్‌బ్యాగ్ సూటు తప్పనిసరి. అందులో ఉండేవి యాక్సిలరోమీటర్, గైరోలు, అంటే బండి వాలుని కొలిచే జాతి సెన్సార్లే. మనిషి బండి మీద నుంచి లేచిపోతున్నాడని లెక్కగట్టి నేల తగిలేలోపే మెడ, భుజాల చుట్టూ గాలి నింపేస్తుంది. కాలర్ బోన్ విరగడం ఈ ఆటలో రోజువారీ ముచ్చట, దానికి ఇది బాగా అడ్డుపడుతుంది. ఈ చర్చ మొదలైన దగ్గరనుంచి ఎలక్ట్రానిక్స్ మీద డబ్బు వృథా అంటున్నాం. మీరు మాత్రం ఇంజిన్ మీద రూపాయి పెట్టేముందు దీనిమీద పెట్టండి.

పాతబండి_రావు

ఇందులో నాకు ఎదురుమాట లేదు. పెట్టించండి సార్.

వైజాగ్_అపెక్స్

తమ్ముడు జవాబిచ్చాడు. "సరే, ట్రాక్షన్ కంట్రోల్ తీసి, డేటా అందరికీ బయట పెట్టమను" అన్నాడు. సీజన్ చివర్లో ప్రతి టీము డేటా పబ్లిక్‌గా పెట్టాలన్న రూలు వస్తే కంపెనీలు ఒప్పుకుంటాయా స్వాతి గారూ?

సెన్సార్_స్వాతి

కంపెనీల మధ్య ఒప్పుకోవు. ఒకే సాఫ్ట్‌వేర్ అన్నదానికే హోండాని దారికి తేవడానికి ఏళ్లు పట్టింది. కానీ డుకాటీ తన బండి నడిపే రైడర్లందరి డేటానీ అన్ని టీములకీ చూపిస్తుంది, శాటిలైట్ వాళ్లకి కూడా. 2024లో హోర్హే మార్టిన్ ఫ్యాక్టరీ టీములో లేకుండానే టైటిల్ గెలిచాడంటే ఇది పెద్ద కారణం అని నా నమ్మకం. అది ఒక కంపెనీ గొడుగు కింద కుదిరింది. కిరణ్ నడిపిన క్లాసులో అందరిదీ ఒకే రకం బండి అయినప్పుడు అక్కడెందుకు కుదరదు? సెషన్ అవగానే అందరి గ్రాఫులూ ఒక టీవీలో పెడితే చాలు. పిల్లల సిరీస్‌లలో అయితే ఇది రూలుగానే ఉండాలి.

తిరుపతి_నాన్న

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. స్వాతి గారు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ, ఆ మూడు ప్రశ్నలు తనే కాగితం మీద రాసుకుంది. వచ్చే నెల మద్రాస్ ట్రాక్‌లో రేసులుంటే ముగ్గురం వెళ్లి చూసొస్తాం, అడగాల్సినవి తనే అడుగుతానంది. సూటు, హెల్మెట్ సెకండ్ హ్యాండ్‌లో ఎక్కడైనా దొరుకుతాయా?

ట్రాక్‌డే_కిరణ్

నా మొదటి లెదర్ సూటు ఇంట్లోనే ఉంది, అప్పట్లో చాలా సన్నగా ఉండేవాణ్ణి, ఒక్కసారే పడ్డాను దాంతో. డబ్బులేం వద్దు. మోకాలి స్లైడర్లు అరిగిపోయాయి, కొత్తవి వేయించుకోవాలి, మోచేతి దగ్గర కుట్టు ఒకసారి చూపించండి. మిగిలిన డబ్బు ఎయిర్‌బ్యాగ్ వెస్ట్‌కి పెట్టండి. కొనేముందు అది సూటు లోపల వేసుకునేదా, పైన వేసుకునేదా చూసుకోండి. లోపలిదైతే సూటు కొంచెం వదులు ఉండాలి, లేకపోతే గాలి నిండే చోటుండదు. అబ్బాయి ఎత్తు, ఛాతీ, నడుము కొలతలు మెసేజ్ పెట్టండి, సరిపోతుందో లేదో చెప్తా.

హెల్మెట్ మాత్రం ఎవరి దగ్గరా పాతది తీసుకోకండి. నేనిచ్చినా సరే.